దారంతా పచ్చ

మా మావయ్యగారి దృష్టిలో రంగులు రెండే. ఎరుపు, ఎరుపు కానిది. విజయనగరంలో టెంట్ హౌస్ పెట్టిన నాటి నుంచి ఆయన పెళ్ళికీ ఎర్ర కార్పెట్టే పరిచారు, ఓణీల ఫంక్షన్‌కీ ఎర్ర కార్పెట్టే పరిచారు, ఏదో ప్రారంభోత్సవానికి పెద్ద ఆఫీసరొస్తే ఆయన కాళ్ళ కిందా అదే పరిచారు. అలాంటి ఇంటికి నేను కోడలిగా వచ్చాను. మాది శృంగవరపుకోటలో బట్టలకొట్టు. నెమలికంఠం రంగు చీరని ఎవరైనా నీలం అంటే మా నాన్న బేరమైనా వదులుకునేవాడు గానీ ఆ మాట ఒప్పుకునేవాడు కాదు. ఆ రక్తమే నాది. కింద ఎర్ర కార్పెట్టు, పైన ఎర్ర కుర్చీలు, వెనక ఎర్ర పరదా, మధ్యలో ఎర్ర పట్టుచీరలో పెళ్ళికూతురు ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పెళ్ళిళ్ళు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ ఏడు ఉగాది వెళ్ళగానే మా ఆయన కళ్యాణ్ వాళ్ళ నాన్న దగ్గర పట్టుబట్టాడు. కొత్తగా వెలిసిన కన్వెన్షన్ హాళ్ళవాళ్ళు డెకరేషన్‌కి విశాఖపట్నం నుంచి మనుషుల్ని దింపుకుంటున్నారు, మన ఎర్ర కార్పెట్లు గోడౌన్‌లో ఎలకల పాలవుతున్నాయి, అనూరాధని కొట్లో కూచోనివ్వండి అని. మావయ్యగారు కొన్నాళ్ళపాటు భోజనాల దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు పెరుగన్నంలో ఉండగా నా వైపు చూడకుండా అన్నారు.

"ఈ వేసవి ముహూర్తాలు అయ్యేదాకా కొట్టు నీ చేతిలో పెడతన్నానమ్మా. రంగులంటావు, డెకరేషనంటావు, చేసుకో. కానీ ఒక్క ఇంట మన పేరు మీద మాట పడిందా, ఆ మర్నాటి నుంచి ఎవరి చోట్లో వాళ్ళం ఉందాం."

నా చోటంటే వంటిల్లని వేరే చెప్పక్కర్లేదు. అత్తయ్యగారు భాగ్యవతిగారు అక్కడే కూచుని మజ్జిగ పోస్తున్నారు. ఆవిడ పెళ్ళైన దగ్గర్నుంచీ కొట్టుకీ వంటింటికీ మధ్య గుమ్మం దాటి ఒక్క బేరం చేసి ఎరగరు.

మా కొట్టు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడి, కావలసింది చెప్పి, అక్కణ్ణుంచే వెళ్ళిపోయేవారు. లోపల ఏముందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. నేను చేసిన మొదటి పని, గుమ్మం నుంచి చివరి గోడ దాకా నెమలికంఠం రంగు పట్టీ పరవడం. దారి పొడుగునా పరిచే సన్నటి కార్పెట్టుని మా కొట్లో పట్టీ అంటారు. ఆ చివర ఒక దీపం, రెండు కుర్చీలు, వెనక లేత గంధం రంగు పరదా. అంతే.

"ఇది కొట్టా, సినిమా హాలా?" అన్నారు మావయ్యగారు. "కాళ్ళ కింద రంగు మారిస్తే మనుషులు మారిపోతారేటమ్మా?"

ఆయన అంటుండగానే గజపతినగరం నుంచి ఒకావిడ కూతుర్ని వెంటేసుకుని వచ్చింది. గుమ్మంలో ఆగింది. కిందకి చూసింది, ఎదరకి చూసింది, చెప్పులు విప్పి తిన్నగా నడుచుకుంటూ చివరి దాకా వచ్చి కుర్చీలో కూచుంది. "ఇంత సామానుందేటండీ మీ దగ్గర!" అంది. మావయ్యగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. మర్నాడు చూస్తే ఆయన కుర్చీ ఆ పట్టీకి కాలు తగలకుండా కొంచెం పక్కకి జరిగి ఉంది. ఆయన ఒప్పుకోవడం అంటే అలాగే ఉంటుంది.

ఆ ఊపులో గులాబి రంగు తెప్పించాను, వంగపండు రంగు తెప్పించాను, నిండు పసుపు రంగులో ఒక పెద్ద రోలు తెప్పించాను. మిగిలినవాటికి ఏమీ అనలేదు గానీ పసుపు రోలు విప్పగానే మావయ్యగారు లేచి నిలబడ్డారు.

"పసుపు లక్ష్మి. కాళ్ళతో తొక్కుతారా? కట్టెయ్యి."

ఎంత చెప్పినా వినలేదు. రోలు మళ్ళీ చుట్టించి, గోడౌన్‌లో పై అర మీద పెట్టించి, ఆ అరకి తాళం వేయించి, చెవి తన మొలతాడుకి కట్టుకున్నారు. ఆ రంగు మీద నాకెంత ఆశ ఉండేదో! కట్టేయించిన రోజు నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

పట్టింపులు ఆ ఇంట్లో కొత్త కాదు. మా కొట్లో 'లేదు' అనకూడదు, 'నిండుకుంది' అనాలి. దీపం 'ఆర్పమని' అనకూడదు, 'కొండెక్కించమనాలి'. తలుపు మూసేటప్పుడు 'మూసెయ్' అనకూడదు, 'కట్టెయ్' అనాలి. ఇక చావు అన్న మాట సరేసరి. అది గల్లాపెట్టె చెవిన పడకూడదు. వీధిలో ఎవరైనా పోయినా మావయ్యగారు "వాళ్ళింట్లో బాగోలేదట" అనేవారు. పోయినవాళ్ళ ఇంట్లో బాగుండేదేముంటుందని నేను గదిలోకి వెళ్ళి నవ్వుకునేదాన్ని.

గోడౌన్ వెనక చిన్న గది ఒకటుంది. అందులో ముదురు ఆకుపచ్చ పట్టీలుంటాయి. ఎంత మంచి రంగని! ఒకరోజు అత్తయ్యగారు ఆ గదిలో కూచుని ఒక పట్టీకి కాలిన చోట కుడుతున్నారు. నెలవంకలా వంకరగా కాలింది. దానికి ఎర్రదారం వేస్తున్నారు.

"అత్తయ్యగారూ, ఆకుపచ్చ మీద ఎర్రదారమా? మచ్చ దాస్తున్నారా, చాటుతున్నారా?"

"సూదిలో ఏ దారముంటే అదేనమ్మా. ఇవి పరిచిన చోట దారం చూసే తీరిక ఎవరికీ ఉండదు."

"ఇవెందుకు ముందుకి తేరు?"

"వాటి పని వాటిది," అని ఆవిడ మామిడికాయల సంగతెత్తారు. ఆవకాయ రోజులు కదా, నేనూ ఆ మాటల్లో పడిపోయాను.

మా దగ్గర ఎన్నాళ్ళనుంచో ఉన్న రాముడు అప్పుడప్పుడు పొద్దున్నే వచ్చి, "బాబూ, ఇవాళ కోట దగ్గర పచ్చుందండి" అనేవాడు. మావయ్యగారు తలూపేవారు. మారు మాట ఉండేది కాదు. ఆకుపచ్చకి ఇంత గిరాకీ ఉంటే నాకెందుకు చూపించరో అని నాకు గుర్రుగా ఉండేది.

వైశాఖం నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. మావయ్యగారు శ్రీకాకుళంలో ఎవరిదో నిశ్చితార్థానికి వెళ్ళారు. కొట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

"నాను మరిడమ్మనమ్మ. భోగాపురం అవతల, సముద్రం వొడ్డు పేట. మీ సామాను మా ఇంటికి ముందోపాలి వచ్చినాది లే. మా తులసి పెళ్ళమ్మా. పెద్ద గుంట."

"శుభం. పందిరి కూడా మాదేనా అండీ?"

"పందిరి మా వోలే ఏత్తారు. సేపల ఏట నిషేదం కదా, మగోలంతా ఇంటికాడే ఉన్నారు. నాకు దారికి పరిసీది ఒక్కటీ సాలు. గుమ్మం కాణ్ణుంచి పందిరి దాకా దారంతా పచ్చ పరవాల. ఎరుపు నాకొద్దు."

ఎరుపు వద్దని నోరారా అన్న మనిషిని ఆ వేసవిలో నేను మొదటిసారి విన్నాను. ప్రాణం లేచొచ్చింది. "పచ్చంటే లేతదా, ముదురుదా?" అని అడిగాను. నా తెలివంతా అక్కడే చూపించాను.

"ముదురే తల్లీ. బాగా ముదురు. దూరం కాణ్ణుంచి అవుపడాల." గొంతు కొంచెం తగ్గించింది. "మగపెళ్ళోరు శ్రీకాకుళం వైపోలు. ఆ గుంటడి మేనమావ, ధనరాజ్ బావ అని, ఆడికి పట్టింపులు సానా. మా ఇంటాయన నేకుండా పోనాడు కదా, ఆడదాని సేతి పెళ్ళి ఎలగుంటాదో సూద్దుమని వస్తాడు. మాట రానీకమ్మా."

"మీకే కాదు, నాకూ మాట రాకూడదు లెండి," అన్నాను. ఆవిడకి అర్థం కాకపోయినా నవ్వింది.

రాముడికి చెప్పాను, భోగాపురం అవతల పేటలో మరిడమ్మగారింటికి దారంతా పచ్చ పంపాలని. అతను తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"గంగులు ఇల్లేనా అమ్మా? అప్పుడే వచ్చేసినాదేటి!"

గంగులంటే మరిడమ్మ భర్త అయ్యుంటాడు, తులసి అప్పుడే పెళ్ళీడుకి వచ్చిందా అంటున్నాడనుకున్నాను. "రోజులు ఎవరి కోసం ఆగుతాయి?" అన్నాను. "నిజమేనమ్మా," అని నిట్టూర్చి వెళ్ళాడు.

పెళ్ళి రోజున పొద్దున్నే రాముడు రోలు చుట్టి గోనెలో కుట్టి ట్రాలీ ఆటోలో ముందు పంపేశాడు. మధ్యాహ్నం నేనూ కళ్యాణ్ స్కూటర్ మీద బయల్దేరాం. కొత్త ఎయిర్‌పోర్టు రోడ్డు దాటి సరుగుడు తోటల్లోకి తిరగ్గానే సముద్రం గాలి తగిలింది. పడవలన్నీ ఒడ్డున ఇసకలోకి లాగి పెట్టి ఉన్నాయి. పేటలో మగవాళ్ళంతా పందిరి కింద ఉన్నారు, పని చేసేవాళ్ళు కొందరు, చెప్పేవాళ్ళు ఎక్కువమంది. గోధూళి ముహూర్తం. ఎండ ఇంకా దిగలేదు.

కళ్యాణ్ పూలదండలు తేవడానికి భోగాపురం వెనక్కి వెళ్ళాడు. నేను పేట కుర్రాళ్ళ చేత రోలు విప్పించాను. తెల్లటి ఇసక మీద ఆ ముదురు ఆకుపచ్చ పరుచుకుంటూ పోతుంటే, అటు నీలం సముద్రం, ఇటు మామిడాకుల తోరణం, నేను ఒక్కదాన్నీ నిలబడి మురిసిపోయాను. ఫోటో కూడా తీశాను.

కళ్యాణ్ వచ్చి దండలబుట్ట దించి, దారి చూసి, బిగుసుకుపోయాడు. నా మణికట్టు పట్టుకుని పక్కకి లాగాడు.

"ఇదెవరు పంపారు?"

"నేనే. పచ్చ కావాలన్నారుగా."

"రాముడితో పచ్చ అనే చెప్పావా? అనూ, మన కొట్లో పచ్చంటే..." అని ఆగిపోయాడు. అటూ ఇటూ చూశాడు. ఆ తండ్రి కొడుకు కదా, పందిరి కింద నిలబడి ఆ మాట అనలేకపోయాడు. "ఆ పని. పదో రోజు పని. ఆ గదిలోవి దానికే వెళ్తాయి, ఇంక దేనికీ వెళ్ళవు."

అత్తయ్యగారి దారం, రాముడి నిట్టూర్పు, కోట దగ్గర పచ్చ, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. చుట్టేద్దామని వంగేలోపు మరిడమ్మ బయటికి వచ్చింది. పెళ్ళికూతురికి నలుగు పెడుతున్న చేతులు, మోచేతుల దాకా పసుపు.

"ఏటమ్మా ఇది?"

"పచ్చేనండి. ముదురు పచ్చ," అన్నాను.

"ఇది పచ్చేటి? ఇది ఆకురంగు!" ఆవిడ చెయ్యెత్తి ఒడ్డు వైపు చూపించింది. పడవల మధ్య ఒక పడవ నిండు పసుపు రంగులో ఉంది. పెచ్చులు లేస్తున్నా మెరుస్తూనే ఉంది. "అదిగో, అదీ పచ్చ. మా గంగులు పడవ. ఆడు ఎంత లోపలికి ఎల్లినా వొడ్డు కాణ్ణుంచి పచ్చగ అవుపడీది. పచ్చ అవుపడినాదే అని పొయ్యి మీద ఎసరెట్టీదాన్ని. ఆడు ఎలాగూ నేకపోనాడు. గుంటని ఆ రంగు మీద నడిపించి పంపుదుమని నీకు ముదురు పచ్చని మరీమరీ సెప్పినాను కదమ్మా!"

రంగుల పేర్ల మీద బతికే దాన్ని నేను. పచ్చకామెర్లు అనేటప్పుడూ పచ్చటి పసుపు అనేటప్పుడూ లేని అనుమానం ఆవిడ నోట పచ్చ విన్నప్పుడు నాకెందుకు రాలేదో!

ఆవిడ అడుగు ముందుకేసింది. అరికాలికి కుట్టు తగిలినట్టుంది, వంగి చూసింది. వంకరగా, నెలవంకలా, ఎర్రదారంతో. పసుపు వేలితో తడిమింది.

"ఇది కాలిన సోటు," అంది మెల్లిగా. "దీపం పడిపోనాది ఇక్కడే. ఆడి ఫోటో ముందర. నానే సెంగుతో ఒత్తినాను."

ఆ మాట అని ఆవిడ ఆ పట్టీ మీదే కూలబడింది.

గంగులు అక్క జగ్గమ్మ పరుగున వచ్చింది. చూసి, గుండె మీద కొట్టుకుంది. "ఓలమ్మ ఓలమ్మ! సావుకి ఏసిన పట్టా తెచ్చి పెళ్ళికూతురి కాళ్ళ కింద ఏత్తారేటే? ఎవులు సెప్పినారే నీకు? మా మీద ఏటి కచ్చ నీకు?"

పందిరి కిందవాళ్ళంతా మూగారు. ఎవరో కళ్యాణ్ భుజం మీద చెయ్యి వేశారు, అది స్నేహంగా వేసిన చెయ్యి కాదు. అంతలో దారి మలుపు నుంచి ఒక కేక. "మగపెళ్ళోరి బస్సు తోటలోకి తిరిగినాదీ!"

నేను మావయ్యగారికి ఫోన్ చేశాను. జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పాను.

"పసుపు రోలు కావాలి మావయ్యగారూ. పై అర మీదది," అన్నాను. ఫోన్ పెట్టేశారు. ఔననలేదు, కాదనలేదు.

నేనూ కళ్యాణూ చెరో వైపు పట్టుకుని ఆకుపచ్చ పట్టీ చుట్టడం మొదలుపెట్టాం. మరిడమ్మ లేచి పక్కకి తప్పుకుంది, అంతే. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. జగ్గమ్మ మాత్రం తిట్లు ఆపి కొంగు దోపుకుంది. ఇంటి పరువు సంగతి కదా. ఎదురెళ్ళి బస్సు దగ్గరే మగపెళ్ళివాళ్ళని నిలేసింది.

"పానకం తాగందే పేటలోకి కాలెట్టకూడదు. మా ఆచారం!"

అలాంటి ఆచారం ఆ పేటలో ఆ సాయంత్రమే పుట్టింది. తాగిన గ్లాసు మళ్ళీ నింపి, వరసలు కలిపి మేలమాడి, పెళ్ళికొడుకు తమ్ముళ్ళ చేత పేరు పేరునా పాట పాడించి ఆవిడ వాళ్ళని ఎలా ఆపిందో ఆవిడకే తెలియాలి. అందర్నీ ఆపింది గానీ ధనరాజ్‌ని ఆపలేకపోయింది. తెల్ల చొక్కా, మెడలో సన్నటి గొలుసు, ఎండకి నలిగిన మొహం. నడుచుకుంటూ తిన్నగా గుమ్మం దాకా వచ్చేశాడు.

"దారి మీద ఏదో పరిసి ఎత్తేసినారంట. తోటలో గుంటలు సెప్పుకుంటన్నారు. ఏటది?"

చుట్టిన రోలు నా వెనక ఉంది. చీర కుచ్చెళ్ళతో దాన్ని దాచాలని చూస్తున్నాను, అంత లావు రోలు దాగుతుందా?

"ఏటి వొదినా, సెప్పవేటి?" అని ధనరాజ్ మరిడమ్మని అడిగాడు. "సెప్పకపోతే మా వోలని లోపలికి తేను."

అప్పుడు వినపడింది ట్రాలీ ఆటో హారన్. ఇసకలో ఊగుకుంటూ వస్తోంది. వెనకాల, పసుపు రోలు దొర్లకుండా రెండు చేతులా పట్టుకుని, మావయ్యగారు. ఎప్పుడూ మడత నలగని పంచె నిండా ఎర్రమట్టి. దిగబోతే మోకాలు సహకరించలేదు. కళ్యాణ్ వెళ్ళి దింపాడు.

మరిడమ్మ ఆయన ఎదరకి వెళ్ళి నిలబడింది. "మీ కోడలు కావాలని సేసినాదేటి బావూ? అది ఒక్కటీ సెప్పండి. అదైతే ఈ పెళ్ళికి మీదేదీ నాకొద్దు."

రంగు మారిపోయిందమ్మా, పొరపాటు, అంటే సరిపోయేది. ధనరాజ్ ముందర అంతకంటే ఎక్కువ అనకుండా ఉంటే బాగుండునని నేను దేవుణ్ణి మొక్కుకుంటున్నాను. మావయ్యగారు నా వైపు చూశారు. తరవాత పక్కనే ఉన్న ఆకుపచ్చ రోలు వైపు చూశారు.

"కాదు తల్లీ. మా కొట్లో ఒక మాట నోటంట అనం. మా నాన్న అననివ్వలేదు, నేనూ అననివ్వలేదు. దానికి బదులు పచ్చ అంటాం. ఈ పిల్లకి ఎవరమూ చెప్పలేదు. చెప్పాలంటే ఆ మాట అనాలి కదా, అందుకని. మీరు పచ్చ అన్నారు, మా రాముడు గంగులు ఏడాది పని అనుకున్నాడు. మా కొట్లో పచ్చంటే..."

ఆగారు. పెదవులు తడుపుకున్నారు.

"చావు," అన్నారు.

ఆ గొంతులో ఆ మాట నేను మొదటిసారి విన్నాను. ఆయన కూడా మొదటిసారే విన్నట్టున్నారు. పందిరి కింద సన్నాయి సవరించుకుంటున్నవాళ్ళు కూడా ఆపేశారు.

"పెళ్ళి గుమ్మంలో నిలబడి ఆ మాటేటి పెద్దమనిసీ?" అని ధనరాజ్ ఒక్క అడుగు ముందుకేశాడు. "ఇంక ఈ ఇంట్లో..."

"ఆగు బావా." మరిడమ్మ గొంతు పెద్దది చెయ్యలేదు. "ఆ మాట మా ఇంటికి కొత్తేటి? దీపావళి ముందర కాణ్ణుంచి మా గదిలోనే కూకున్నాది. బావు అన్నారని వచ్చినాదా, అనకపోతే ఎలిపోతాదా? మనం సముద్రం మీద బతికీవోలం. నీకు తెల్దా, నాకు తెల్దా?"

ధనరాజ్ ఒడ్డు వైపు తిరిగాడు.

"ఆ పచ్చ పడవ గంగులుదేనా?" అన్నాడు.

"ఔను."

అతను చెప్పులు విప్పి ఇసకలో ఒక పక్కన పెట్టాడు. ట్రాలీ దగ్గరికి వెళ్ళి పసుపు రోలుకి రెండో కొస పట్టుకున్నాడు. "పట్టు," అన్నాడు కళ్యాణ్‌తో.

దారి పరిచాం. మావయ్యగారు ఆ రంగు మీద కాలు పెట్టలేదు. పక్కనే ఇసకలో నడుస్తూ, వంగి వంగి ముడతలు సర్దుకుంటూ వెళ్ళారు. తులసి బయటికి వచ్చి నడుస్తుంటే, ఆమె పాదానికి ఒక అడుగు ముందర ఆయన చెయ్యి ఉండేది. అడుగులకు మడుగులొత్తడమన్న మాట, అంటే నడిచేవాళ్ళ కాళ్ళ కింద బట్ట పరవడం, మనం వెటకారానికే వాడతాం. ఆ సాయంత్రం మా మావయ్యగారు ఆ పని నిజంగానే చేశారు. తులసి సగం దారిలో ఒక్కసారి ఆగి ఒడ్డు వైపు తల తిప్పింది. జగ్గమ్మ వెనకనించి మెత్తగా తోసింది, మళ్ళీ నడిచింది.

అక్షింతలు వేశాం. భోజనం చెయ్యకుండా వెళ్ళొద్దని మరిడమ్మ చెయ్యి పట్టుకుంటే కూచున్నాం. తిరుగు దారిలో మావయ్యగారు ట్రాలీలో రెండు రోళ్ళ మధ్య కూచుని వచ్చారు. ఇంటికొచ్చి తలారా స్నానం చేసి పడుకున్నారు.

మర్నాడు పొద్దున్న నేను కొట్లోకి వెళ్ళలేదు. మాటంటే మాటే కదా. ఒక ఇంట మన పేరు మీద మాట పడింది, పడలేదని ఎలా అనను? వంటింట్లో పీట వేసుకుని ఆవకాయకి ముక్కలు తుడుస్తూ కూచున్నాను. నా పక్కన ఇంకో గుడ్డ పెట్టుకుని అత్తయ్యగారూ తుడుస్తున్నారు. నెమలికంఠం పట్టీ ఈపాటికి చుట్టేయించి ఉంటారనుకున్నాను.

కొట్లో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగుతుందనగా మావయ్యగారు ఎత్తారు. ఆయన గొంతు గోడ అవతల నుంచి స్పష్టంగా వినిపిస్తోంది.

"ఆఁ, చెప్పండమ్మా... ఎక్కణ్ణుంచి?... పచ్చా?" కుర్చీ జరిగిన చప్పుడు. "ఏ పచ్చమ్మా? ఆకు పచ్చా, పసుపు పచ్చా?"

అత్తయ్యగారి చేతిలో ముక్క ఆగింది.

"అది సరేనమ్మా. పెళ్ళికా, చావుకా?"

అత్తయ్యగారు రెండు చేతులూ చెవుల దాకా తీసుకెళ్ళి, అంతలో ఏమనుకున్నారో, కిందకి దించేశారు. గోడ అవతల మావయ్యగారు ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని కేకేశారు.

"అనూ! చేతులు కడుక్కుని రామ్మా. పెళ్ళేనట. రంగు అడుగుతన్నారు."